మూడో భాగం దొరికింది

సత్యనారాయణపురం,
విజయవాడ

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాలు మామూలే. నువ్వు ఫోన్ చేసి 19 రోజులైందని కాదు గానీ, మొన్న లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేస్తుంటే ‘బారిస్టర్ పార్వతీశం’ నవల మూడో భాగం దొరికింది. అట్ట చిరిగింది. 60 రూపాయలకి బేరమాడాను.

నీ నాలుగో తరగతి వేసవిలో కరెంటు పోయినప్పుడల్లా డాబా మీద లాంతరు పెట్టుకుని మొదటి భాగం చదివేవాణ్ణి, గుర్తుందా? బారిస్టరు చదువుకి ఇంగ్లండు బయల్దేరిన పార్వతీశం ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని నెత్తిన పెట్టుకున్న చోట మామ్మ నవ్వీ నవ్వీ పొలమారి, లాంతరు మీదకి మరచెంబు దొర్లించింది. చిమ్మచీకటి. నువ్వు మాత్రం నవ్వకుండా “మళ్ళీ వాళ్ళూరు మొగల్తూరు వచ్చాడా లేదా, అది చెప్పు” అని ఒకటే గొడవ. మనింట్లో ఉన్నది ఆ ఒక్క భాగమే, నాకేం తెలుసు? “వచ్చాడులే, పడుకో” అన్నాను. నువ్వు నమ్మలేదు. మర్నాడు ఎదురింటి మాస్టారిని అడిగావు, ఆయనా మొదటి భాగమే చదివారు.

వచ్చాడురా. బారిస్టరై వచ్చి, పెళ్ళి చేసుకుని, ప్రాక్టీసు పెట్టి, స్వాతంత్ర్యోద్యమంలో కూడా దిగాడు. మొదటి భాగం 1924 నాటిది. మిగతా రెండూ రచయిత మొక్కపాటి నరసింహశాస్త్రి గారు ఎన్నో ఏళ్ళకి గాని రాయలేదు. ఆ తేడా తెలుస్తూనే ఉంది. వెనకటి నవ్వు లేదు, మనిషి పెద్దవాడైపోయాడు. మొదట విసుగేసింది. తర్వాత వాడి మీద బెంగపుట్టి రాత్రి ఒంటిగంట దాకా చదివాను. ఎడింబరో చదువంతా రెండో భాగంలో ఉందట, అది మాత్రం దొరకలేదు. అక్కడ వాడేం పడ్డాడో ఏమో!

సత్యం మావయ్య ఏదో అన్నాడు, నువ్వు ఉద్యోగం మానేశావని. నేను పట్టించుకోలేదు. మానేస్తే మానెయ్, కానీ ఇంకోటి చేతిలో పెట్టుకుని మానెయ్యాలి. మా రోజుల్లో అయితే... సరే, ఉపన్యాసం ఇవ్వనని మీ అమ్మకి మాటిచ్చాను. అద్దె మాత్రం నెల మొదట్లోనే కట్టెయ్. ఎవరి దగ్గరా చేబదులు తీసుకోకు. నా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి వచ్చే నెల చేతికొస్తుంది, ఊరికే చెప్తున్నా. లీడ్స్‌లో చలి ముదిరిందట, చెవులు కప్పుకో.

పార్సిల్లో గోంగూర పచ్చడి ఉంది. మూతకి టేపు నాలుగు చుట్లు వేశాను, అయినా నూనె కారొచ్చు. తడి గరిటె పెట్టకు. అందగానే ఫోన్ చెయ్, పచ్చడి ఎలా చేరిందో తెలియాలి కదా.

మీ నాన్న