మార్కులు ఆన్‌లైన్‌కి ఎక్కుతున్నాయి, పేపర్లు పిల్లల చేతికి రావడం లేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మన బళ్లలో పిల్లలు ఏడాదికి నాలుగు ఫార్మేటివ్ పరీక్షలు (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), రెండు సమ్మేటివ్ పరీక్షలు (టర్ము చివర పెట్టే పెద్ద పరీక్షలు) రాస్తారు. ప్రతిదానికీ మార్కులు ఏ తేదీలోగా ఆన్‌లైన్‌లో ఎక్కించాలో పైనుంచి చెబుతారు. ఆ తేదీ దాటితే హెడ్మాస్టరు గారికి ఫోన్లు మొదలవుతాయి. దిద్దిన పేపరు రాసిన పిల్లాడి చేతికి ఎప్పటికల్లా చేరాలో మాత్రం అడిగే నాథుడు లేడు. ఆ ఒక్క తేదీ కోసమే ఈ ఉత్తరం.

రాజోలు దగ్గర మా ఊళ్లో సాయంత్రం పూట మా అరుగు మీద చుట్టుపక్కల పిల్లలకి లెక్కలు చెబుతుంటాను. ఏడో తరగతి పిల్ల ఒకతె ఆగస్టులో రాసిన ఫార్మేటివ్ పేపరు దసరా సెలవులయ్యాక తెచ్చి చూపించింది. 1/2కి 1/3 కలపమంటే 2/5 అని రాసింది. పైవి పైవి కలిపింది, కిందవి కిందవి కలిపింది. దాని మీద ఎర్ర సిరాతో ఇంటూ మార్కు, పేపరు పైన పదికి మూడు, అంతే. ఈలోగా రెండో ఫార్మేటివ్ కూడా రాసేసింది, అందులోనూ ఇదే వరస. నిజానికి ఆ పిల్లకి లెక్క రాకపోవడం కాదు, ఒక పద్ధతి బాగా వచ్చు, ఆ పద్ధతే తప్పు. "అరకి ఇంకాస్త కలిపితే అరకన్నా తగ్గుతుందేంటమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి తనే నవ్వేసింది. ఆ తర్వాత హారాలు సమానం చేయడం నేర్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ఈ ప్రశ్న ఆగస్టులోనే తరగతిలో పడి ఉంటే రెండో పరీక్షలో ఆ మార్కులు పోయేవి కావు.

మన డెల్టాలో ఆలస్యానికి వేరే కారణాలూ ఉన్నాయి. మొదటి ఫార్మేటివ్ జరిగేది సరిగ్గా గోదావరి పొంగే రోజుల్లోనే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే లంక ఊళ్లకి కాజ్‌వేలు మునుగుతాయి, పడవలే గతి, బడి ఆగిపోతుంది. సగంమంది పేపర్లు బీరువాలో, మిగతా సగంమంది పరీక్షే రాయకుండా ఉంటారు. నీళ్లు తీసేసరికి అందరి దృష్టీ తర్వాతి పరీక్ష మీదకి పోతుంది. ఇంకో సంగతి, మా వైపు చాలా ఇళ్లలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది, పిల్లల్ని చూసేది అమ్మమ్మ. ప్రోగ్రెస్ కార్డు మీద ఆవిడ వేలిముద్ర వేస్తుంది. రాత్రి వీడియో కాల్‌లో తల్లి "మార్కులెన్నిరా?" అంటుంది. పాపం, ఆవిడ మాత్రం ఇంకేం అడుగుతుంది? అదే పేపరు ఇంట్లో ఉంటే ఫోటో తీసి పంపొచ్చు, ఎక్కడ తప్పుతున్నాడో అక్కణ్నుంచే ఆమెకి తెలుస్తుంది.

పోనీ ప్రైవేటు స్కూళ్లు నయమా అంటే, అక్కడ శనివారం పరీక్ష పెడితే ఆదివారం సాయంత్రానికి తండ్రి ఫోన్‌కి మెసేజ్ వచ్చేస్తుంది. టైముకి వస్తుంది, కాదనను. ఇంట్లో టెన్షన్ కూడా అదే టైముకి మొదలవుతుంది. మార్కు, ర్యాంకు, సెక్షన్లో ఎన్నోవాడు, ఇవన్నీ ఉంటాయి. ఏ లెక్క దగ్గర ఆగిపోయాడో ఉండదు. ర్యాంకు దిగిందని తిట్లు తిన్న పిల్లాడికి సోమవారం బళ్లో చెప్పేది కొత్త పాఠం.

బీఈడీ చదివినవాళ్లకి తెలిసే ఉంటుంది, ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు బడిపిల్లల మీద చేసిన అధ్యయనం 1988లో వచ్చింది. కొందరికి ఉత్త మార్కులిచ్చారు, కొందరికి మార్కు వేయకుండా పని ఎలా ఉందో రాసిచ్చారు, కొందరికి రెండూ ఇచ్చారు. రాసిచ్చినవాళ్లే తర్వాతి పనిలో మెరుగుపడ్డారు. రెండూ అందినవాళ్లకి ఆ లాభం దక్కలేదు. మార్కు కనబడ్డాక పక్కనున్న మాట ఎవరు చదువుతారు లెండి!

2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా పిల్లల అవగాహనని నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలనే అంటుంది. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, మంచిదే. కానీ ఎప్పుడో ఒకసారి జరిగే మీటింగ్ దాకా తప్పు ఆగదు కదా, వేళ్లూనుకుంటుంది.

టీచర్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. నాలుగు సెక్షన్లకి చెప్పేవారు ప్రతి పేపరు మీదా రెండేసి వాక్యాలు రాయాలంటే నిద్ర మానుకోవాలి, పైగా యాప్‌ల పని ఉండనే ఉంది. అన్నీ రాయక్కర్లేదు. ఎక్కువమంది తప్పిన ఒక్క ప్రశ్నని మర్నాడు బోర్డు మీద చేయించవచ్చు. మార్కు వేయకుండా, తప్పుల కింద గీత గీసి పేపరిచ్చి, పిల్లలు తిరిగి రాశాక మార్కు చెప్పవచ్చు. నోట్సు చివర ఒక పేజీ వదిలి తేదీ, తప్పిన అంశం, సరిగ్గా చేసిన తేదీ పిల్లలచేతే రాయించాలి. పిల్లాడికి పది మార్కుల్లో మూడు అయిదయిందని కార్డు చెబుతుంది. భిన్నాలు వచ్చేశాయి, దశాంశాలు ఇంకా రాలేదు అని చెప్పేది ఆ పేజీయే.

జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ) గార్లకి నా విన్నపం. మార్కుల ఎంట్రీ గడువు కొన్నాళ్లు పొడిగించండి. పరీక్ష అయిన వారం లోపు పేపర్లు పిల్లలకిచ్చి, తప్పులు తిరిగి రాయించాకే ఎంట్రీ చేయాలని ఆ ఉత్తర్వులోనే ఒక వాక్యం చేర్చండి. వరద మండలాలకి మొదటి ఫార్మేటివ్ తేదీని మండల విద్యాశాఖాధికారులకే (ఎంఈఓలకే) వదిలేయండి. ఎంఈఓ గారు తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టరు తెరిచే ముందు ఏదో ఒక తరగతిలో ఇద్దరు పిల్లల్ని లేపి "పోయిన పరీక్ష పేపరు చూపించమ్మా" అని అడిగితే చాలు. మూడో ఫార్మేటివ్ నుంచే ఇది మొదలుపెట్టవచ్చు, దీనికి ప్రత్యేకంగా బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజోలు మండలం, కోనసీమ