నాయన రేడియోను మళ్లీ పలికించిన అందరికీ

పోయిన నెల మా వీధి వాట్సాప్ గ్రూపులో "నాయన రేడియో పలకడం లేదు, కడప చుట్టుపక్కల పాత సెట్లు బాగుచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి" అని మెసేజ్ పెట్టాను. అది ఎవరెవరి చేతుల్లోకి పోయిందో గానీ నాలుగు రోజుల్లో ఫోన్ల మీద ఫోన్లు. ఇప్పుడు రేడియో పలుకుతోంది. మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను.

మా నాయనకు గ్లకోమాతో చూపు పోయి ఆరేళ్లయింది. ఆయనకు పొద్దు తెలిసేది రేడియో మాటలతోనే. పాటలొస్తే సౌండ్ తగ్గిస్తాడు, మనిషి మాట్లాడితే పెంచుతాడు. ఊర్లో సేద్యం చేసే రోజుల్లో 6.55కు సంస్కృత వార్తలు వచ్చేవి. "సంప్రతి వార్తాః శ్రూయంతాం" తప్ప ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా అవి మొదలైతే ఎద్దులకు మేత వేసొచ్చి కూర్చునేవాడు, వెనకాలే 7.05కు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వస్తాయని. పన్యాల రంగనాథరావు, తిరుమలశెట్టి శ్రీరాములు, మామిళ్లపల్లి రాజ్యలక్ష్మి గొంతులు ఆయనకు సొంత మనుషుల గొంతులంత గుర్తు. ఇప్పుడు మంచం పక్కన ఆకాశవాణి కడప, 333.3 మీటర్లు, 900 కిలోహెర్ట్జ్. వార్తలయ్యాక రాగిజావ. వ్యవసాయ కార్యక్రమం అయ్యాక మా చిన్నాయనకు ఫోన్. "శనక్కాయకు తిక్కాకు తెగులు గురించి చెప్పినారు, మందు కొట్టినావా?" అని అడగందే ఆయనకు నిద్ర పట్టదు.

అలాంటి సెట్టు కిందపడి మూగబోయింది. ఒక షాపులో ఇస్తే విప్పి, మళ్లీ బిగించి, పార్టులు రావు పారేయమన్నారు. ఆ పదకొండు రోజులూ నాయన "టైం ఎంత పాపా" అని అడుగుతూనే ఉన్నాడు. అర్ధరాత్రి కూడా లేచి అదే మాట. నాకు టెన్షన్‌తో కంటి మీద కునుకు లేదు.

ముందుగా మా వెనక వీధి డిగ్రీ పిల్లవాడికి. ఇంటికొచ్చి ఫోన్లో ఆకాశవాణి యాప్ వేసి, ఓపిగ్గా రెండు సాయంత్రాలు నేర్పించాడు. నున్నటి అద్దం మీద నాయన వేలికి ఏదీ దొరకలేదు, అది పిల్లవాడి తప్పు కాదు. తర్వాత, రేడియో స్టేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయనకు. కిందపడిందని చెప్పగానే "అయితే లోపలి ఫెర్రైట్ కడ్డీ విరిగి ఉంటుందమ్మా, మీడియం వేవ్‌కు అదే యాంటెనా" అని ఫోన్లోనే చెప్పేశారు. ఎల్ఈడీ బల్బు, ఛార్జర్ దగ్గర సెట్టు పెడితే గుర్రుమంటుందని, స్టేషన్ సరిగా రాకపోతే సెట్టునే కొంచెం పక్కకు తిప్పి చూడమని చెప్పిందీ ఆయనే.

ఇక పాత రేడియోలు బాగుచేసే ప్రొద్దుటూరు భాయ్‌కు. ఆయన రిపేరు అంగడి మూసేసి చాలా కాలమైందట. నాయనను వెంటబెట్టుకొని వాళ్లింటికే పోయాం. వెనక మూత తీస్తే కడ్డీ నిజంగానే రెండు ముక్కలై ఉంది. సెల్లుల స్ప్రింగుల మీద పచ్చటి చిలుము. గరుకు కాగితంతో చిలుము రుద్ది, ఎప్పటిదో పాత సెట్టులోంచి కడ్డీ తీసి, వెంట్రుకంత సన్నటి తీగలు ఒక్కొక్కటే అతికించాడు. తర్వాత కడప స్టేషన్ పట్టి, కడ్డీ మీది తీగచుట్టను ఇంచుక ముందుకు, ఇంచుక వెనక్కు జరుపుతూ వింటూ కూర్చున్నాడు. మాట తేటగా వచ్చిన చోట ఆపి, కదలకుండా కొవ్వొత్తి మైనం చుక్కలు వేశాడు.

అంతటితో ఆగలేదు. తిప్పే మరకు ఆకురాయితో చిన్న గాటు పెట్టి, సరిగ్గా కడప పలికేచోట పైడబ్బాకు బొట్టంత లక్క అంటించాడు. నాయన బొటనవేలు పట్టుకొని "పెద్దాయనా, ఈ గాటు ఈ బొట్టు కాడికి వస్తే కడప" అన్నాడు. నాయన తిప్పాడు, పోగొట్టాడు, మళ్లీ తిప్పి పట్టుకున్నాడు. అట్లా ఐదారుసార్లు. ఎవరూ తొందర పెట్టలేదు. భాయ్ ఇంటామె ఈలోగా టీ పెట్టి నాయన చేతికి గ్లాసు అందించింది. ఎంత బతిమాలినా భాయ్ డబ్బులు తీసుకోలేదు.

నిన్న పొద్దున నేను వంటింట్లో ఉంటే వార్తలు వినబడ్డాయి. నేను పెట్టలేదు. నాయనే పెట్టుకున్నాడు. ఈ ఆదివారం చిన్నాయన కొత్త శనక్కాయలు పంపిస్తాడట, భాయ్ ఇంటికి నేనే తీసుకుపోతాను.