పాత బండ్లకు డిస్క్ బ్రేకులు: కొలత చూడకుండా బిగించొద్దు

సంపాదకులకు,

ఆర్‌ఎక్స్ 100, పాత బుల్లెట్ లాంటి బండ్లకు ముందు డ్రమ్ము తీయించి డిస్క్ వేయించుకునేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. అవసరం లేదని అనలేం. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి, బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది. ముందు పోయే బండి ఠక్కున ఆగితే, వెనకున్న ఆర్‌ఎక్స్ 100 తన 130 మిల్లీమీటర్ల డ్రమ్ముతో అంత దూరంలో ఆగడం కష్టం. కానీ చాలా షెడ్లలో ఈ పని జరుగుతున్న తీరు చూస్తే భయమేస్తోంది. చక్రంతోపాటు తిరిగే ప్లేటు ఒక బండిది, ప్యాడ్లతో దాన్ని రెండువైపులా పట్టే క్యాలిపర్ ఇంకో బండిది, లివర్ నొక్కితే క్యాలిపర్‌కు ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్ చూడ్డానికి బాగుందని కొన్నది.

డిస్క్ వేయించేవాళ్లంతా ప్లేటు ఎంత పెద్దదని అడుగుతారు. మాస్టర్ సిలిండర్ లోపలి పిస్టన్ ఎన్ని మిల్లీమీటర్లో అడిగేవాళ్లు అరుదు. బ్రేకు బలాన్ని ప్లేటు కంటే ఎక్కువగా మార్చేది ఆ కొలతే. రెండు డిస్కులున్న పెద్ద బండి మాస్టర్ సిలిండర్ తెచ్చి ఒకే పిస్టన్ ఉన్న చిన్న క్యాలిపర్‌కు కలిపితే లివర్ రాయిలా గట్టిగా ఉంటుంది. బ్రేకు భలే ఉందనిపిస్తుంది, బండి మాత్రం ఆగదు. 14 మిల్లీమీటర్ల పిస్టన్ బదులు 11 మిల్లీమీటర్లది వేస్తే, అదే వేళ్ల బలానికి ప్యాడ్ల మీద ఒత్తిడి 1.6 రెట్లు అవుతుంది. లివర్ ప్రయాణం కూడా అంతే పెరుగుతుంది కాబట్టి మరీ చిన్నది వేసినా లివర్ వెళ్లి హ్యాండిల్‌కు తగులుతుంది. బ్రిటన్‌లో 1972 నుంచి ముందు డిస్క్‌తో వచ్చిన నార్టన్ కమాండోది లివర్ గట్టిగా ఉండి బండి ఆగని జబ్బే. అక్కడి పాత బండ్లవాళ్లు ప్లేటు జోలికి పోకుండా, 15.88 మిల్లీమీటర్ల మాస్టర్ సిలిండర్ లోపల స్లీవ్ అనే సన్నని గొట్టం వేసి 13కు తగ్గించుకుంటారు. బలం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. లెక్కలు వద్దనుకునేవారికి తేలిక దారి, మాస్టర్ సిలిండర్, క్యాలిపర్, ప్లేటు మూడూ ఒకే బండివి, బరువులో మన బండికి దగ్గరగా ఉన్నవి తెచ్చుకోవడం.

సెకండ్ హ్యాండ్ మాస్టర్ సిలిండర్ కొంటే బండి తోలేముందు ఒక పరీక్ష చేయాలి. మూత తీసి చూస్తే ఆయిల్ డబ్బా అడుగున రెండు రంధ్రాలుంటాయి. ఒకటి పెద్దది, రెండోది గుండుసూది మొనంత. కొన్నింటిలో వాటిపైన చిన్న రేకు ఉంటుంది, దాన్ని పక్కకు తీయాలి. ఆయిల్ పోసి, గాలి తీశాక లివర్‌ను మెల్లగా నొక్కితే మొదట్లోనే ఆ చిన్న రంధ్రం మీద ఆయిల్ సన్నగా పైకి ఉబకాలి. ఉబకకపోతే అది మూసుకుపోయినట్టు, లేదా బయట కొన్న లివర్ ఖాళీ లేకుండా పిస్టన్‌ను ఎప్పుడూ కాస్త నొక్కే ఉంచుతున్నట్టు. అలాగే బండి తోలితే వేడికి పెరిగిన ఆయిల్ డబ్బాలోకి తిరిగి రాలేదు. ప్యాడ్లు వాటంతటవే పట్టేసి, కొన్ని కిలోమీటర్లకు ముందు చక్రం బిగుసుకుపోతుంది. కళ్లు జాగ్రత్త, ఆ ఆయిల్ ఎగిరి పడుతుంది. ట్యాంకు మీద పడితే రంగును తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

ఇక క్యాలిపర్‌ను దేనికి బిగిస్తున్నారన్నది. 18 అంగుళాల చక్రానికి 240 మిల్లీమీటర్ల ప్లేటు వేస్తే, టైరు నేల దగ్గర పట్టే ప్రతి వంద కిలోల బలానికి క్యాలిపర్ దగ్గర 270 కిలోలకు పైగా పడుతుంది. అంత లాగుడును డ్రమ్ము బండి అల్యూమినియం ఫోర్కు కాలికి క్యాలిపర్ కోసం వెల్డింగ్ చేసిన చెవులు ఎన్నాళ్లు మోస్తాయి? వెల్డింగ్ వేడికి పక్కనున్న లోహం మెత్తబడి, అక్కడే పగులు మొదలవుతుంది. పగిలిన రోజు క్యాలిపర్ తిరిగిపోయి పుల్లల్లో ఇరుక్కుంటుంది. దయచేసి ఆ పని చేయించకండి. పోతలోనే చెవులున్న ఫోర్కు, చక్రం మధ్యలోని హబ్బు, దాని యాక్సిల్ ఒకే సెట్టుగా వేయించండి. బుల్లెట్‌కు డిస్క్ మోడల్ ఎలక్ట్రా ఫోర్కు, 280 మిల్లీమీటర్ల ప్లేటు ఉన్నాయి. హబ్బు మారితే పుల్లల పొడవూ మారుతుంది, స్పీడోమీటర్ గేరు కూడా సరిచూసుకోవాలి. మాస్టర్ సిలిండర్ దగ్గర బ్రేక్ లైటు స్విచ్చి వైరు కలపడం మరిచిపోతున్నారు, వెనకవాడి ప్రాణం దానిమీదే ఉంది.

ఆయిల్ వెళ్లే హోస్ పైపు మాత్రం పాతది వాడొద్దు. బయటికి బాగానే కనిపించే రబ్బరు పైపు ఒత్తిడికి ఉబ్బి లివర్‌ను స్పాంజిలా చేస్తుంది. కొత్తది బిగించాక హ్యాండిల్ రెండువైపులా చివరిదాకా తిప్పి, ఫోర్కును పూర్తిగా సాగదీసి, పైపు ఎక్కడా బిగుసుకోవడం లేదని చూడాలి. పైపు చివరను బిగించే బ్యాంజో బోల్టుకు రెండు రాగి వాషర్లు, రెండూ కొత్తవి. బోల్టు మర కూడా చూడాలి. జపాన్ తరహా భాగాలకు సాధారణంగా 10 మిల్లీమీటర్ల బోల్టు, మరల మధ్య దూరం (పిచ్) 1.25 మిల్లీమీటర్లు, ఐరోపా తరహా వాటికి 1.0. ఒకదానిలో ఇంకోటి రెండు చుట్లు వెళ్లి పట్టేస్తుంది. బలవంతం చేస్తే క్యాలిపర్ మర పోయినట్టే.

మాస్టర్ సిలిండర్ మూత మీద డాట్ 4 అనే బ్రేకు ఆయిల్ రకం రాసి ఉంటే అదే పోయాలి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకుంటే 155కే మరిగే స్థితికి దిగజారుతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి, మూత తీసిన సీసా దాచుకోకూడదు. సిలికాన్‌తో చేసిన డాట్ 5 దీంతో కలవదు.

పని అయ్యాక కొత్త ప్యాడ్లు ప్లేటుకు అలవాటు పడాలి. ఖాళీ రోడ్డు మీద నలభై వేగం నుంచి పదికి, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్య చల్లారనిస్తూ ముప్ఫైసార్లు తగ్గించాలి. ఆర్‌ఎక్స్ ముందు టైరు 2.50 సైజే, సన్నది కాబట్టి తడి రోడ్డు మీద, ఇసుక మీద చెయ్యి తేలిగ్గా పడాలి.

ప్రైవేటు బండికి పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ తనిఖీలో రవాణా శాఖ అధికారులు హారన్, లైట్లతో సరిపెట్టకుండా డ్రమ్ము తీసి డిస్క్ వేసిన బండ్ల క్యాలిపర్ బిగింపు, హోస్ పైపు చూడాలని కోరుతున్నాను. వెల్డింగ్ చెవులు కనిపిస్తే మార్చుకుని రమ్మని వెనక్కి పంపాలి. యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండికి 2021 నిబంధనల కింద ఇచ్చే వింటేజ్ నంబరు తీసుకోవాలనుకునేవాళ్లు తీసిన డ్రమ్ము, ఫోర్కు తుక్కుకు వేయకుండా గ్రీజు పూసి దాచుకోండి.

– ఒక మోటార్‌సైకిల్ మెకానిక్, రాజమహేంద్రవరం