నలుపు తెలుపు ఫొటో చెల్లదన్న కంపెనీ వారికి

అంబాజీపేట మండలం, కోనసీమ
2025 డిసెంబర్ 18

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
(అలాంటివారు ఒకరున్నారని మీ వెబ్‌సైట్ అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఉన్నారనే నమ్మి రాస్తున్నాను.)

విషయం: స్క్రాప్‌బుక్ కిట్ గురించి కాదు. డెబ్బై రోజులుగా మీరు నన్ను తిప్పుతున్న తీరు గురించి.

అయ్యా / అమ్మా,

ముందుగా నమస్కారం. ఎంత కోపంలో ఉన్నా నమస్కారం లేకుండా ఉత్తరం మొదలుపెట్టడం మా ఇంట్లో అలవాటు లేదు. మా నాన్నగారు బడిపంతులుగా చేశారు.

కిట్ సంగతి తొందరగా చెప్పేస్తాను, మీ వాళ్లకి ఇప్పటికి పదకొండు సార్లు చెప్పి నోరు నొప్పెట్టింది. వచ్చే మాఘమాసంలో నాన్నగారికి సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నాం. వెయ్యి పున్నములు చూసిన మనిషి చేతిలో ఆ పూట ఇంటి కథంతా ఒక పుస్తకంగా పెట్టాలని నా ఆశ. పసుపు మరకలతో ఉన్న పెళ్లి శుభలేఖ, అమ్మ అల్లిన లేసు ముక్క, 2003 పుష్కరాలకి కోటిపల్లి రేవులో తడిబట్టలతో అందరం నిలబడ్డ ఫొటో, ఇలాంటివన్నీ కూడబెట్టి 2,499 రూపాయలు పెట్టి మీ దగ్గర పెద్ద కిట్ తెప్పించాను. పాత ఫొటోకి నేరుగా బంక తగలనివ్వకూడదనీ, నాలుగు మూలలకి కాగితం జేబులు అంటించి అందులో దూర్చాలనీ నాకు తెలుసు. ఆరేళ్లుగా అలాగే చేస్తున్నాను. ఈసారి మాత్రం మీ పెట్టె మీద "ఫొటోలకి పూర్తి సురక్షితం" అని బంగారు అక్షరాల్లో కనిపిస్తే నమ్మి, మీ బంక పేజీ మీదే అతికించాను. అది నా బుద్ధి తక్కువ, ఒప్పుకుంటున్నాను. పదో రోజుకి బంక ఊరి, ఫొటో అంచుల్లోంచి గోధుమ రంగులో లోపలికి పాకింది. ఊడదీయబోతే అమ్మ భుజం దగ్గర పైపొర కాగితానికే అంటుకుని వచ్చేసింది.

ఆ ఫొటో ఏమిటో కూడా చెప్పాలి, మీ వాళ్లెవరూ అడగలేదు కాబట్టి. 1969లో పెళ్లయిన నెలకి అమలాపురం స్టూడియోలో అమ్మా నాన్నా తీయించుకున్నది. అరచేయంత ఉంటుంది, అంచులు రంపంతో కోసినట్టు వంకర్లుగా ఉంటాయి. వెనక నీలం సిరాతో నాన్నగారి గుండ్రటి చేతిరాత: "మా ఇద్దరి మొదటి ఫొటో. డబ్బు సగం ఇచ్చితిని, సగం బాకీ." 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి గోదారి వచ్చినప్పుడు మేం లంకలో ఉండేవాళ్లం. కిటికీ దాకా నీళ్లొస్తే ట్రంకు పెట్టెని అటక మీదకి ఎక్కించి దీన్ని కాపాడారు. 1996 నవంబరు తుఫానుకి పెంకులెగిరిపోయి పెట్టె తడిస్తే, మర్నాడు అమ్మ ఒక్కో ఫొటోనీ నవారు మంచం మీద పరిచి, ఎండ తగలకుండా నీడలో ఆరబెట్టింది. అప్పుడు మిగిలినవి ఏడు. ఇప్పుడు ఆరున్నర అనుకోవాలి.

ఇక అసలు సంగతి.

అక్టోబరు 9న మీ నంబరుకి మొదటిసారి ఫోన్ చేశాను. "తెలుగు కోసం నాలుగు నొక్కండి" అంది రికార్డు. నొక్కాను. హిందీలో మాట్లాడే అబ్బాయి ఎత్తాడు. నాకు హిందీ అంతంత మాత్రం, అతనికి తెలుగు అసలు రాదు. ఇద్దరం కలిసి ఇంగ్లీషుని చంపాం. చివరికి అతను ఎంతో మర్యాదగా, "మేడమ్, మెషీన్ ఒకసారి స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేశారా?" అన్నాడు. మీరు కాగితాలు కత్తిరించే మెషీన్లు కూడా అమ్ముతారని నాకు తెలుసు. కానీ ఆల్బమ్‌కి స్విచ్ ఎక్కడుంటుందో అతన్నే అడిగాను. "టెక్నికల్ టీమ్‌కి పంపుతున్నాను" అని మొదటి కంప్లైంట్ నంబర్ ఇచ్చాడు. ఆ టెక్నికల్ టీమ్ ఇప్పటికీ స్విచ్ వెతుకుతూనే ఉంది కాబోలు.

రెండోసారి ఎత్తిన అమ్మాయికి తెలుగు వచ్చు. ప్రాణం లేచొచ్చింది. అంతా విని "అయ్యో మేడమ్" అంది, ఆ అయ్యో కూడా కాగితం చూసి చదివినట్టే ఉంది. తర్వాత, "రిటర్న్ గడువు ఏడు రోజులే మేడమ్, మీకు పన్నెండు రోజులైంది" అంది. నిజమే తల్లీ. బంక పదో రోజున ఊరింది. వారంలోపు ఊరమని దానికి నేను ముందే చెప్పి ఉండాల్సింది. సూపర్‌వైజర్‌తో మాట్లాడించమంటే నలభై నిమిషాలు సన్నాయి వినిపించారు. మధ్యమధ్యలో "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని. ఆ సన్నాయికి మా ఇంట్లో ఓ శుభకార్యం అయిపోయేది. చివరికి లైను కట్ అయింది.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను మా పక్కనే నర్సాపురం దగ్గర తీరం దాటింది. ఈ మాట టీవీలో మీరూ వినే ఉంటారు. ఆ పూట మాకు కరెంటు పోయింది. కొబ్బరిచెట్లు తీగల మీద పడ్డాయి, ఫోనులో చార్జింగ్ లేదు, సిగ్నల్ లేదు. నాన్నగారిని హాల్లో మధ్యకి జరిపి, పుస్తకాల అలమరాకి పరదా కట్టి తెల్లవార్లూ కూర్చున్నాం. నాలుగో రోజున కరెంటొచ్చి ఫోన్ పెట్టగానే మీ మెసేజ్: "29వ తేదీన మిమ్మల్ని సంప్రదించడానికి మూడుసార్లు ప్రయత్నించాం. కస్టమర్ స్పందించనందున కంప్లైంట్ మూసివేయడమైనది. మా సేవలకి రేటింగ్ ఇవ్వండి." ఇరవై రోజులు నేను చేస్తే ఎత్తనివారు, సరిగ్గా తుఫాను మర్నాడు మూడుసార్లు చేశారు. మీ ముహూర్త బలం గొప్పది. మా పంతులుగారిని ఓసారి మీ దగ్గరికి పంపిస్తాను, పంచాంగం చూడటం నేర్చుకుంటారు.

రెండో నంబర్. మళ్లీ మొదటి నుంచి. పాత వివరాలు కొత్త నంబర్‌లో కనపడవట. ఈసారి పికప్ అన్నారు. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి, గుడికి కూడా వెళ్లకుండా మీ మనిషి కోసం వీధి అరుగు మీద కూర్చున్నాను. సాయంత్రం ఆరింటికి "చిరునామా దొరకలేదు" అని మెసేజ్. కిట్ తెచ్చి ఇచ్చిన రోజు మాత్రం దొరికింది! డబ్బులు తీసుకునేటప్పుడు కనపడే ఇల్లు, వస్తువు వెనక్కి తీసుకునేటప్పుడు మాయమవుతుందా? మా ఊరి డెలివరీ కుర్రాణ్ని ఆపి అడిగితే, "నాకు పికప్ రాలేదు పిన్నిగారూ. అసలు ఈ పిన్‌కోడ్‌కి వాళ్లు వెనక్కి తీసుకోరండి, మీకు చెప్పలేదా?" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజం చెప్పింది ఆ కుర్రాడొక్కడే. అతను మీ కంపెనీ మనిషి కూడా కాదు.

మూడో నంబర్. ఇప్పుడు మనుషులు లేరు, చాట్‌లో ఒక బొమ్మ ఉంది, కళ్లు ఆర్పుతూ నవ్వుతుంది. పాడైన ఫొటో బొమ్మ తీసి పంపమంది. పగటి వెలుగులో, నేల మీద తెల్లటి పంచె పరిచి, చక్కగా తీసి పంపాను. జవాబు: "క్షమించండి. మీరు పంపినది నలుపు తెలుపు చిత్రం. దయచేసి కలర్‌లో స్పష్టమైన చిత్రం పంపగలరు." మళ్లీ పంపాను, పక్కన ఎర్ర మందారం పెట్టి, కలర్ కనపడాలని. "చిత్రంలో వస్తువు గుర్తించబడలేదు. మీరు పువ్వు గురించి ఫిర్యాదు చేస్తున్నారా?" అంది.

ఇక్కడ కాసేపు ఆగాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్క గదిలోంచి నాన్నగారు "ఏమిటమ్మా" అన్నారు. ఆయనకి ఇదంతా తెలియకూడదనే దాచుకుంటూ వచ్చాను, ఆశ్చర్యపరుద్దామని. ఇక దాచలేక ఫొటో చూపించాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ గోధుమ మరక మీద వేలు పెట్టి చూశారు. "వరదకి పోలేదు, తుఫానుకి పోలేదు. బంకకి పోయిందా" అన్నారు. అంతే. తర్వాత వెనక్కి తిప్పి తన చేతిరాతే చదువుకుని, "ఆ మిగతా సగం ఇచ్చానో లేదో" అనుకున్నారు.

నేను మీకు కొత్త కస్టమర్‌ని కాను. 2019లో అమ్మ పోయినప్పుడు, ఆమె వస్తువులు ఏం చేయాలో తోచక మీ దగ్గర చిన్న ఆల్బమ్ కొన్నాను. అలా పట్టుకుంది ఈ పిచ్చి. మా ఆడపడుచు కూతురి అన్నప్రాసన పుస్తకం, మా బావగారి షష్టిపూర్తి పుస్తకం, మా వీధిలో నలుగురైదుగురికి నేర్పి వాళ్లతోనూ మీ కాగితాలే కొనిపించాను. కాకినాడలో సగం రేటుకి కాగితం దొరుకుతుందని చెప్పినవాళ్లతో, "కాదండీ, ఇదైతే పసుపెక్కదు" అని మీ తరఫున వాదించాను కూడా. జీతం ఇవ్వకపోయినా పర్వాలేదు, ఫోన్ ఎత్తితే చాలుననుకున్నాను.

మా గోదావరి జిల్లాల వాళ్లకి వెటకారం ఎక్కువని అంటారు. ఈ ఉత్తరంలో మీకు అది కనపడితే తప్పు నాది కాదు, నీళ్లది. కానీ ఇకపై రాసేది వెటకారం కాదు.

ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందిందని చెప్పాలనీ, నెలలోపు పరిష్కరించాలనీ 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. మా అబ్బాయి చదివి వినిపించాడు. నాకు 70 రోజులైంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. అక్కడ తెలుగులో మాట్లాడారు, స్విచ్ గురించి అడగలేదు. ఈ ఉత్తరానికి పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు కొన్నవాటికి అక్కడ ఫీజు కూడా లేదట. లాయరు అక్కర్లేదు, నేనే మాట్లాడతాను. నేను మాట్లాడటం మొదలుపెడితే ఎంతసేపు మాట్లాడతానో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది.

ఏం కావాలని అడుగుతారేమో. 2,499 వెనక్కి ఇస్తే తీసుకుంటాను, ఎందుకు తీసుకోను. రాజమండ్రిలో పాత ఫొటోలు బాగుచేసే స్టూడియో వాళ్లు అడిగింది కూడా మీరే ఇవ్వాలి. కానీ అసలు కావలసింది అది కాదు. మీలో ఎవరో ఒకరు, పేరున్న మనిషి, కాగితం మీద పెన్నుతో "మీ ఫొటో మా బంక వల్ల పాడైంది, మీరు ఫోన్ చేస్తే మేం పట్టించుకోలేదు" అని రాసి సంతకం పెట్టి పంపాలి. కంప్యూటర్ ఉత్తరం వద్దు. ఆ కాగితాన్ని ఆ పేజీలోనే పెడతాను, మూలలకి కాగితం జేబులు పెట్టి. అది కూడా ఇప్పుడు మా ఇంటి కథలో ఒక భాగమే కదా. మీరు పంపకపోతే ఆ చోట మీ చాట్ బొమ్మ జవాబు జిరాక్స్ పెట్టి, వేడుకకి వచ్చే మూడువందల మందికీ చూపిస్తాను. అందులో సగం మందికి ఇంట్లో పాత ఫొటోలున్నాయి.

ఇట్లు,
మీ మూడు కంప్లైంట్ నంబర్ల యజమానురాలు

జతపరచినవి: బిల్లు నకలు, మూడు నంబర్లు, మీ మెసేజ్‌ల ప్రింట్లు, పాడైన ఫొటో రెండు వైపులా తీసిన జిరాక్స్. నలుపు తెలుపే. 1969లో కలర్‌లో తీయించుకోమని ఎవరూ చెప్పలేదట, నాన్నగారిని అడిగాను.