బిల్లింగ్ కౌంటర్ దగ్గర కలిసిన అక్కకి

నాన్నకి స్టెంట్ వేశాక, డిశ్చార్జి రోజు ఆరోగ్య బీమా క్లెయిమ్‌లో 1,05,000 కోసేశారంటే నాకు కాళ్లూచేతులూ ఆడలేదు. పాలసీలో గది అద్దె పరిమితి రోజుకి 5,000, మేం తీసుకున్నది 8,000 గది, అందుకని బిల్లు మొత్తాన్నీ అదే లెక్కన తగ్గించారట. వరుసలో నా వెనక ఉన్న మీరు కాగితాలు తీసుకుని, మందులు, స్టెంట్, టెస్టులు ఉన్న ప్రతి లైను పక్కనా నీలం పెన్నుతో టిక్ పెట్టి, "వీటికి ఆ కోత పెట్టకూడదు తమ్ముడూ, ముందు కంపెనీకి రాయి, 30 రోజుల్లో తేల్చకపోతే లక్డీకాపూల్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజేమీ ఉండదు" అన్నారు. అంత టెన్షన్‌లో మీ పేరు కూడా అడగలేదు, మెట్రోకి టైమైందని వెళ్లిపోయారు. నిన్న 78,000 వెనక్కి వచ్చాయి అక్కా. నాన్న మిమ్మల్ని ఒక్కసారి చూడాలంటున్నారు. చాలా చాలా థాంక్స్.