దొర్లిన ట్రాలీ ఎవరిది?

సంపాదకుల వారికి,

నమస్కారం. నేను ముప్పై ఒక్క ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన టీచరును. యాభై రెండో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాను. నా పొదుపుతో, నా పేరు మీద కొనుక్కున్న మొదటి వస్తువు నా కారు. పోయిన నెలలో ఒక సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో నిలిపి లోపలికి వెళ్లి, అరగంటలో తిరిగి వచ్చేసరికి డ్రైవర్ వైపు వెనక తలుపుకు ఒక ఖాళీ ట్రాలీ ఆనుకుని ఉంది. దాని ముందు మూల తగిలిన చోట అరచేతి వెడల్పున సొట్ట పడింది. సొట్ట మధ్యలో వేలెడు పొడవున గీత ఉంది. చుట్టూ ఎవరూ లేరు.

ఇంత చిన్న విషయానికి పేపరుకు ఉత్తరమా అని కొందరు అనుకోవచ్చు. ఆ సొట్ట కోసమే అయితే నేను రాసేదాన్ని కాదు. ఆ తరవాత అక్కడ జరిగింది చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను వెళ్లి చెప్పగానే మేనేజర్ ట్రాలీలు పోగుచేసే అబ్బాయిని పిలిపించారు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. అంత పెద్ద పార్కింగ్‌కు ఆ పూట అతనొక్కడే. "అమ్మా, నేను అటు చివర ట్రాలీలు తెస్తున్నాను, ఇటు చూడలేదమ్మా" అన్నాడు. మేనేజర్ నా ముందే అతన్ని గట్టిగా కేకలేసి, "మేడమ్, మీ రిపేరు ఖర్చు వీడి జీతంలో పట్టుకుని ఇప్పిస్తాం" అన్నారు. నాకు ఒళ్లు చల్లబడిపోయింది. వద్దండీ, ఆ డబ్బు నాకు ఒక్క పైసా కూడా వద్దు అన్నాను. "అలా అయితే మేం చేయగలిగింది ఏమీ లేదు మేడమ్, బోర్డు చూడండి" అని గోడ మీదికి చూపించారు. 'వాహనాలు యజమానుల సొంత బాధ్యతపై నిలుపుకోవలెను' అని ఉంది.

అంటే నష్టం ఆ అబ్బాయి భరించాలి, లేదంటే నేను భరించాలి. ట్రాలీ కొన్నది షాపు. ఆ నేల షాపుది. నేలకు ఆ వాలు పెట్టింది షాపు. ఆ షాపుకు మాత్రం ఇందులో ఏ భాగమూ లేదు. ఇది నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. తాపీ మేస్త్రీలు ఎత్తుపల్లాలు చూడడానికి వాడే లెవెల్ పైపు, నీళ్లు నింపిన పారదర్శక గొట్టం, ఒకటి తీసుకెళ్లాను. ముందురోజు తిట్లు తిన్న ఆ అబ్బాయే రెండో కొస పట్టుకున్నాడు. షాపు గుమ్మం దగ్గర నుంచి నా కారు నిలిపిన చోటికి పదిహేను మీటర్లు. ఆ దూరంలో నేల 45 సెంటీమీటర్లు దిగింది. అంటే నూటికి మూడు వంతుల వాలు. వాన నీరు పోవడానికి ఏ పార్కింగ్‌కైనా కొంత వాలు పెట్టక తప్పదు. నడిచే మనిషికి అది తెలియను కూడా తెలియదు. ట్రాలీకి తెలుస్తుంది.

పెద్ద ఇనుప ట్రాలీ ఖాళీగా ఉన్నా 20 నుంచి 30 కిలోలు ఉంటుంది. 25 అనుకుందాం. గుమ్మం దగ్గర నుంచి దొర్లి ఆ 45 సెంటీమీటర్లూ కిందికి దిగితే దానికి వచ్చే శక్తి 110 జౌళ్లు. చక్రాల రాపిడికి సగం పోయిందనుకున్నా 55 జౌళ్లు మిగులుతాయి. వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్ల పైమాటే, మనం గబగబా నడిచే వేగాన్ని మించి. 55 జౌళ్లంటే ఐదు కిలోల బరువును మీటరు పైచిలుకు ఎత్తు నుంచి వదిలేసినట్టు. అదంతా ట్రాలీ మూల ఉన్న రెండు మూడు అంగుళాల మేర మీద పడుతుంది. కారు తలుపు రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. గాలి తోడైతే, ట్రాలీలో సామాను కూడా ఉంటే, దెబ్బ ఇంకా పెద్దది. పిల్లలకు ఏళ్ల తరబడి బోర్డు మీద వేసి చూపించిన లెక్కే ఇది. ఇందులో ఎవరి దురదృష్టమూ లేదు. వాలు మీద చక్రాలున్న వస్తువును ఆపు లేకుండా వదిలితే అది దొర్లుతుంది. రేపు అక్కడ నా కారు ఉండకపోవచ్చు, నాలుగేళ్ల పిల్ల నిలబడి ఉండవచ్చు. అప్పుడూ ఆ లెక్క మారదు.

సీసీ కెమెరా రికార్డు చూపించమని అడిగితే మొదట కుదరదన్నారు. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చాక, వాళ్ల గదిలోనే తెర మీద చూపించారు. ట్రాలీ వదిలింది ఒక చిన్న వయసు తల్లి. భుజం మీద పసిబిడ్డ నిద్రపోతోంది. సామాను డిక్కీలో సర్దుకుని, ట్రాలీ చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూసింది. ట్రాలీలు పెట్టే స్థలం ఆ పార్కింగ్ మొత్తానికి ఒక్కటే ఉంది, అది వాలు పైకొసన గుమ్మం పక్కన. అక్కడికి వెళ్లి రావాలంటే బిడ్డను ఎత్తుకుని ఎండలో వెళ్లాలి, లేకపోతే కారులో ఒంటరిగా వదలాలి. ఆమె ట్రాలీని ఒక స్తంభానికి ఆనించి వెళ్లిపోయింది. మూడు నిమిషాల తరవాత అది మెల్లగా పక్కకు తిరిగి కదిలింది. ఆ వీడియో చూసేదాకా ఆ వదిలిన వాళ్లెవరో గానీ నాకు చాలా కోపంగా ఉంది. చూశాక ఆమె మీద కోపం రాలేదు. చేతిలో బిడ్డ లేని వాళ్లు, ఊరికే బద్ధకానికి వదిలేసేవాళ్లు మాత్రం ఆ నాలుగడుగులు నడవాలి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. నడిరోడ్డు మీద మన వస్తువు వదిలేసి పోతామా?

ఇది కొత్త సమస్య కూడా కాదు. షాపింగ్ ట్రాలీని 1937లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే కిరాణా దుకాణాల యజమాని తన షాపుల్లో ప్రవేశపెట్టారు. చేతి బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించి, మడత కుర్చీని చూసి ఆ ఆలోచన చేశారట. 1946లో ఓర్లా వాట్సన్ అనే ఆయన, వెనక తలుపు పైకి లేచి ఒకదానిలోకి ఒకటి దూరిపోయే ట్రాలీని తయారు చేశారు. ఈరోజు మనం చూసే వరసలు అవే. జనం ఎక్కువ కొనాలని, తక్కువ స్థలంలో ఎక్కువ ట్రాలీలు పట్టాలని ఇంత తెలివి పెట్టారు. వదిలేస్తే ఆగిపోయే ఏర్పాటుకు కూడా ఆ తెలివి ఎప్పుడో చాలింది. చాలా విమానాశ్రయాల్లో లగేజీ ట్రాలీ హ్యాండిల్ నొక్కి పట్టుకుంటేనే కదులుతుంది, చెయ్యి తీస్తే బ్రేకు పడుతుంది. యూరప్‌లో చాలా దేశాల్లో నాణెం పెడితేనే ట్రాలీ గొలుసు నుంచి విడివడుతుంది, తిరిగి తెచ్చి తగిలిస్తే నాణెం వెనక్కి వస్తుంది. ఇవేవీ చేయలేమంటే వాలు కింది కొసన ఇంకో ట్రాలీ స్టాండు పెట్టి, నిలిపిన కార్ల ముందు ఒక ఇనుప రైలింగు వేస్తే చాలు. నేను ఆ అబ్బాయితో కలిసి కొలిచి చూశాను, రెండు కార్ల స్థలంలో స్టాండు సరిపోతుంది. ఆ రెండు కార్ల స్థలం వదులుకోవడం వాళ్లకు ఇష్టం లేదు, అంతే.

నాలాగే నష్టపోయిన వాళ్లకు ఉపయోగపడుతుందని కొన్ని సంగతులు రాస్తున్నాను. నాకు ఇవి ఆలస్యంగా తెలిశాయి.

ట్రాలీ కారుకు ఆనుకుని కనబడితే వెంటనే పక్కకు తోసేయకండి. నేను కంగారులో అదే చేశాను. ముందు దూరం నుంచి కారు, ట్రాలీ, నేల వాలు, నంబరు ప్లేటు అన్నీ కనబడేలా ఫోటో తీయండి. తరవాత దగ్గర నుంచి తీయండి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఎత్తు. నేల నుంచి సొట్ట ఎంత ఎత్తులో ఉంది, ట్రాలీ మూల ఎంత ఎత్తులో ఉంది అని టేపు పెట్టి కొలిచి, ఆ టేపుతో సహా ఫోటో తీసుకోండి. రెండూ కలిస్తే ఎవరూ కాదనలేరు. ట్రాలీ మూలలకు ఉండే ప్లాస్టిక్ రంగు కారు మీద అంటుకుని ఉంటే దాన్ని అక్కడ తుడవకండి, అదీ సాక్ష్యమే. సీసీ కెమెరా రికార్డు కొద్ది రోజుల్లో దాని మీదే మళ్లీ రికార్డయి చెరిగిపోతుంది. అందుకని ఆ రోజే, సమయం రాసి, దాన్ని భద్రపరచమని కాగితం ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి.

రిపేరు గురించి. కారు రంగు పొరలన్నీ, ప్రైమరు నుంచి పైనుండే క్లియర్ కోటు దాకా, కలిపినా సుమారు 0.1 నుంచి 0.15 మిల్లీమీటర్లే. గోరుతో గీత మీద అడ్డంగా రాసి చూడండి. గోరు గీతలో చిక్కుకోకపోతే గీత పైపొరలోనే ఉందనుకోవచ్చు, చాలాసార్లు పాలిష్‌తో పోతుంది. చిక్కుకుంటే లోపలికి దిగినట్టు. మెరిసే రేకు కనబడుతుంటే మాత్రం ఆలస్యం చేయవద్దు. ఉక్కు రేకు తడి తగిలి తుప్పు పట్టడం మొదలైతే రంగు కింద కింద పాకిపోతుంది. సొట్ట గుండ్రంగా ఉండి రంగు పగలకపోతే, వెనక నుంచి సన్నటి కడ్డీలతో కొద్దికొద్దిగా నొక్కి, రంగు వేయకుండానే సరిచేసే పనివాళ్లు ఉంటారు. నాకు ఆ సంగతి చెప్పింది ఒక టింకరింగ్ మేస్త్రీ. "మేడమ్, మీ తలుపుకు రంగు పగిలింది, మీకది పనికిరాదు, పగలకపోతే నా దగ్గరికి రావొద్దని నేనే చెప్పేవాణ్ని" అన్నారు. తలుపు మొత్తం రంగు వేయించాల్సి వచ్చింది, లేకపోతే పాత రంగు పక్కన ప్యాచ్ తేడాగా కనబడుతుందట.

ఇన్సూరెన్స్ విషయానికొస్తే, థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మన కారు నష్టానికి ఏమీ రాదు. పూర్తి పాలసీ ఉన్నా, మనం పెట్టుకోవాల్సిన వాటా, పోయే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) లెక్క వేసుకుని అప్పుడు క్లెయిమ్ చేయండి. చిన్న సొట్టకు చాలాసార్లు కలిసిరాదు. పెద్ద షాపులు తమ ఆవరణలో ఇతరులకు జరిగే నష్టానికి వేరే బీమా తీసుకుంటుంటాయి. అది ఉందా అని మేనేజర్‌ను సూటిగా అడగండి. నేను అడిగేదాకా నాకు ఎవరూ చెప్పలేదు. అడిగితే, హెడ్డాఫీసుకు రాస్తామన్నారు.

మీ చేతిలోంచే ట్రాలీ జారి ఇంకొకరి కారుకు తగిలితే దయచేసి వెళ్లిపోకండి. ఒక చీటీ మీద మీ ఫోన్ నంబరు రాసి వైపరు కింద పెట్టి, లోపల కౌంటర్‌లో చెప్పండి. ఆ అరగంట తరవాత వచ్చి చూసుకునే మనిషికి ఆ చీటీ ఎంత ఊరటో నాకు తెలుసు. డబ్బు మాట తరవాత సంగతి. ఎవరో ఒకరు నా నష్టాన్ని నష్టంగా చూశారు అన్న మాటే మనసును తేలిక చేస్తుంది.

మేనేజర్ గారితో నాకు వ్యక్తిగత తగువేమీ లేదు. ఆయన పై నుంచి కూడా ఎవరో ఖర్చు తగ్గించమని తరుముతూ ఉండవచ్చు. కానీ 'సొంత బాధ్యతపై' అనే బోర్డు అక్కడికి వచ్చే ఇతరుల తప్పులకు సంబంధించినది కావచ్చేమో గానీ, షాపు సొంత ట్రాలీ షాపు సొంత వాలు మీద దొర్లితే దానికి కూడా వర్తిస్తుందని నేను ఒప్పుకోను. ఆ భారం నెల జీతగాడి మీద వేయడాన్ని అసలే ఒప్పుకోను. అతని పని ట్రాలీలు తేవడం. వాలును, స్టాండు లేకపోవడాన్ని, ఒక్కడినే పెట్టడాన్ని అతను నిర్ణయించలేదు.

అందుకే నా రిపేరు ఖర్చు నేనే పెట్టుకుని, వాళ్లకు రెండు కోరికలతో ఒక కాగితం ఇచ్చాను. ఒకటి, వాలు కింది కొసన స్టాండు, రైలింగు పెట్టాలి. రెండు, ట్రాలీ వల్ల కలిగిన నష్టాన్ని ఏ పనివాడి జీతంలోనూ కోయబోమని రాసి ఇవ్వాలి. నేను కొలిచిన వాలు లెక్క, బొమ్మ కూడా దానికి జతచేశాను. కాగితం అందినట్టు సంతకం పెట్టిన నకలు నా దగ్గర ఉంది. అది ఇచ్చి ఇరవై రెండు రోజులైంది. నిన్న వెళ్లి చూస్తే గుమ్మం పక్కన ఉన్న ఆ ఒక్క స్టాండు తప్ప కొత్తది ఏమీ లేదు. ఆ అబ్బాయి ఎండలో ఎనిమిది ట్రాలీల వరసను ఒక్కడే పైకి తోస్తున్నాడు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని