బాబు మాటల గురించి అమ్మకు

మాంచెస్టర్

పూజ్యురాలైన అమ్మకు నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గిందని విని కుదుటపడ్డాను.

రెండేళ్లు నిండినా తమ్ముడి కొడుకు పట్టుమని పది మాటలు పలకడం లేదని, "వాళ్ల నాన్నా మూడేళ్లకు గానీ మాట్లాడలేదు, మన గుంటడూ అంతే" అని బొబ్బిలిలో చుట్టాలందరూ నచ్చజెబుతున్నారని నువ్వు ఫోనులో అన్నప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. ఈ వయసుకు సుమారు 50 మాటలు వచ్చి, "పాలు ఇయ్యి", "తాత రా" అని రెండేసి కలపడం మొదలవ్వాలి. ఆలస్యమైన పిల్లల్లో చాలామంది తరువాత అందుకుంటారు. కానీ ఎవరు అందుకుంటారో ముందుగా చెప్పలేము కనుక ఎదురుచూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. చప్పుడుకు తిరిగి చూసే పిల్లలకు కూడా కొన్ని ధ్వనులు సరిగా వినపడకపోవచ్చు. అందుచేత ముందు విజయనగరం తీసుకెళ్లి వినికిడి పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద ఇటువంటి ఎదుగుదల ఆలస్యాలను కూడా చూస్తారు, అంగన్‌వాడీలో అడగండి.

మొన్న వీడియో కాల్‌లో వాడు అరటిపండు వైపు చేయి చాచాడు. "పండు అను, అంటేనే ఇస్తాను" అని నువ్వు నాలుగుసార్లు అడిగావు. నాలుగోసారికి వాడు చేయి వెనక్కి తీసుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మా, నీ ఆరాటం నాకు తెలుసు, కానీ "అను" అనే మాటను ఇంట్లో అందరూ మానేయాలి. వాడి ముఖానికి ఎదురుగా నేల మీద కూర్చుని, రెండు చేతుల్లో రెండూ చూపించి "పండా, పాలా?" అని ఒక్కసారి అడిగి, మనసులో పది లెక్కపెట్టేదాకా మౌనంగా ఉండు. ఈ మౌనమే, పిల్లలకు మాటలు రప్పించే మా వృత్తిలో, అన్నిటికంటే కష్టమైన పని. వాడు "ప" అన్నా, కేవలం చూసినా, అదే మాటగా తీసుకుని వెంటనే ఇచ్చి, "పండు. తీపి పండు" అని నువ్వే పలుకు.

ఆటలూ ఇదే దారిలో సాగాలి. బంతి దొర్లించే ముందు "ఒకటి, రెండు..." అని ఆగు, మూడు వాడి వంతు. మరమరాల డబ్బా మూత గట్టిగా బిగించి వాడికే ఇస్తే, తీయలేక నీ దగ్గరకే తెస్తాడు. అప్పుడు "తియ్యి" అనే మాటకు పని పడుతుంది. కొంగు చాటున దోబూచి ఎన్నిసార్లు ఆడినా ఫర్వాలేదు. బువ్వ, తాత, లాల వంటి ముద్దుమాటలను మానవద్దు. "బువ్వ"లో పెదవుల కదలిక వాడికి కనిపిస్తుంది. "ర", "ష" వంటివి ఎలాగూ తరువాతే వస్తాయి.

తమ్ముడు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడదామంటున్నాడట. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. నీకు నోరారా వచ్చేది తెలుగు, అదే మాట్లాడు. అన్నం తినిపించేటప్పుడు ఫోను మాత్రం పెట్టవద్దు. రెండేళ్ల పిల్లలు ఫోను, టీవీ వంటి తెరలు చూసే సమయం రోజుకు గంట మించకూడదని, అంతకంటే తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ఆదివారం నేను ఫోను చేసినప్పుడు ఆ డబ్బా వాడి ముందు పెట్టు. నేనూ మాట్లాడకుండా చూస్తాను.

ఇట్లు,
నీ కూతురు